బరిలో మూడు నిమిషాలు, బల్ల దగ్గర ఇరవై

పోరు ముగిసి బయటికొచ్చిన చిన్న రోబోని బల్ల మీద వెల్లకిలా తిప్పి చూడండి. పైరేకు సొట్ట పోయి ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అనేది ఆ సొట్టని చూసే. నిజానికి బండి ఆగింది దానివల్ల కాదు. లోపల ఎర్రతీగ కనెక్టర్‌లోంచి రవ్వంత జారింది. లేదా మోటారుని పట్టి ఉంచాల్సిన మూడు మిల్లీమీటర్ల స్క్రూ అదురుకి వదులై ఎటో ఎగిరిపోయింది. తర్వాతి పోరుకి ఇరవై నిమిషాలు టైముంది. ఒకరు బ్యాటరీ విప్పి ఛార్జింగుకి పెడతారు. ఒకరు సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు తీగ కొస ఒలుస్తుంటారు. ఇంకొకరు పక్కబల్ల దగ్గరికి వెళ్లి, "మూడు మిల్లీమీటర్ల స్క్రూలు ఓ నాలుగుంటే ఇస్తారా?" అని అడుగుతారు. ఆ పక్కబల్ల వాళ్లే కాసేపట్లో తమ బండిని చితక్కొట్టబోయేవాళ్లు. అయినా అడగడానికి వీళ్లకి మొహమాటం ఉండదు, ఇవ్వడానికి వాళ్లు వెనకాముందూ ఆడరు. రోబో పోటీలు పుట్టిన తొలినాళ్ల నుంచీ నడుస్తున్న మర్యాద అది.

ఈ ఆట ఇప్పుడు ఆఫీసుల్లోకి వచ్చింది. గో-కార్టింగ్, పెయింట్‌బాల్, ఎస్కేప్ రూమ్, ఊరిబయట రిసార్టులో ఒక పూట భోజనం అంటూ 'టీమ్ బిల్డింగ్' పేరిట హెచ్‌ఆర్ వాళ్లు వేసుకునే పట్టికలో, అమెరికా, బ్రిటన్‌లలో రోబోలు కట్టించి కొట్టించే కార్యక్రమం కూడా చేరింది. నలుగురైదుగుర్ని ఒక జట్టు చేసి, విడిభాగాల పెట్టె ఇచ్చి, పూటలోపల బండి కట్టించి, సాయంత్రానికి బరిలోకి దింపుతారు. ఫొటోల్లోకి ఎక్కేది ఆ బరి. కంపెనీ డబ్బు పోసేదీ దానికే. కానీ ఈ ఆట వల్ల కలిసి పనిచేసే పదిమందికి ఏమైనా ఒరిగితే, బరిలో గడిపే మూడు నిమిషాల్లో ఒరిగేది తక్కువ. బల్ల దగ్గర గడిపే ఇరవై నిమిషాల్లో, అంతకుముందు బరువు దగ్గర పడే కీచులాటల్లో ఒరిగేదే ఎక్కువ. ఆ రెండూ తీసేసి బరి ఒక్కటే ఉంచిన కార్యక్రమం ఎంత ఖరీదైనదైనా బొమ్మలాటే.

ఆట పుట్టుక కూడా ఒక విఫలమైన పనిలోంచే. 1987లో అమెరికాలోని డెన్వర్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభలో 'క్రిటర్ క్రంచ్' పేరుతో బుల్లి యంత్రాలకి పోటీ పెట్టినా, దీనికి ఊరూవాడా పేరు తెచ్చినవాడు మార్క్ థార్ప్. జార్జ్ లూకాస్ సినిమా సంస్థల్లో నమూనాలు, బొమ్మలు తయారుచేసిన మనిషి. రిమోట్‌తో నడిచే వాక్యూమ్ క్లీనర్ చేద్దామని మొదలుపెట్టాడు. ఇల్లు ఊడ్చే పనికి అది కొరగాలేదు గానీ, దానికి ఆయుధాలు తగిలిస్తే చూడముచ్చటగా ఉంటుందన్న ఆలోచన మాత్రం తట్టింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫోర్ట్ మేసన్‌లో తొలి 'రోబోట్ వార్స్' జరిగింది. 1998లో అదే పేరుతో బీబీసీలో టీవీ కార్యక్రమం వచ్చింది. 1999లో మొదలైన 'బ్యాటిల్‌బాట్స్' మరుసటేడే అమెరికా టీవీకెక్కింది. ఇక్కడొక ముచ్చట చెప్పుకోవాలి. యంత్రాలు కట్టినవాళ్లు ఒకరికొకరు బ్యాటరీలు అప్పిచ్చుకుంటున్న రోజుల్లోనే, థార్ప్‌కీ ఆయనకి పెట్టుబడి పెట్టిన రికార్డుల కంపెనీకీ చెడింది. వ్యవహారం కోర్టుకెక్కింది. 1997 తర్వాత అమెరికాలో ఆ పోటీలే ఆగిపోయాయి. జట్టుగా పనిచేయడం ఎలాగో ఈ ఆటలోంచి నేర్చుకోవాలంటే యజమానుల వైపు కాక మరమ్మతు బల్లల వైపు చూడాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. ఐఐటీ బాంబే 'టెక్‌ఫెస్ట్' మొదలు చాలా క్యాంపస్ ఉత్సవాల్లో 'రోబో వార్స్' అంటే జనం విరగబడతారు. అక్కడ 15 కేజీలు, 60 కేజీల బండ్లని దింపిన కుర్రాళ్లలో ఎందరో ఇవాళ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కుర్చీలకి అతుక్కుని ఉన్నారు.

అసలు టీమ్ బిల్డింగ్ అనే పని వల్ల ఉపయోగం ఉందా? దీన్ని పరిశోధకులు తేలిగ్గా వదల్లేదు. 1999లో ఎడ్వర్డో సాలస్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. మొత్తంగా చూస్తే పనితీరు మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ కనిపించలేదు. కాస్తో కూస్తో ఫలితమిచ్చింది ఒక్కటే: ఎవరి పని ఏమిటో తేటపరిచే అభ్యాసాలు. పదేళ్ల తర్వాత, 2009లో, కామెరాన్ క్లైన్ బృందం మళ్లీ లెక్కవేసినప్పుడు ఫలితం కొంత ఆశాజనకంగానే వచ్చింది. అందులోనూ ముందు నిలిచినవి రెండు: లక్ష్యం నిర్ణయించుకోవడం, ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకోవడం. అంటే కలిసి నవ్వుకోవడం, కలిసి తినడం మంచివే అయినా, మర్నాటి పనిని మార్చేది 'నువ్వు ఇది చూసుకో, నేను అది చూసుకుంటా' అన్న మాట స్థిరపడటమే. ఈ గీటురాయి మీద రుద్దితే గో-కార్టింగ్ తేలిపోతుంది. ఎవరి బండి వాళ్లది, పక్కవాడి పని తెలుసుకోవాల్సిన అగత్యమే లేదు. రోబో కట్టడంలో అలా తప్పించుకోవడం కుదరదు. ఎందుకంటే బరువు ఒప్పుకోదు.

బరువు సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. రోబో పోటీల్లో తరగతులు బరువుని బట్టే ఉంటాయి, కుస్తీలో లాగా. బ్యాటిల్‌బాట్స్‌లో కనిపించే పెద్దబండ్లకి హద్దు 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కేజీలు. చిన్న పోటీల్లో బాగా చలామణీలో ఉన్న 'బీటిల్‌వెయిట్' తరగతికి మూడు పౌండ్లు, 1360 గ్రాములు. ఈ 1360ని ఎలా పంచుతారు? తిరిగే ఆయుధానికీ దాని ఇరుసుకీ 400 అనుకుందాం. దాన్ని తిప్పే మోటారుకి 100. చక్రాలకీ వాటి మోటార్లకీ 220. బ్యాటరీకి 110. స్పీడ్ కంట్రోలర్లు, రిసీవర్, తీగలు కలిపి 90. ఒంటికి, అంటే చట్రానికీ కవచానికీ, 400. మిగిలిన 40 స్క్రూలకీ నట్లకీ. అయిపోయింది. ఇప్పుడు ఆయుధం చూసుకునే అమ్మాయి 'ఇంకో 50 గ్రాములు కావాలి, పన్ను మందం పెంచాలి' అంటుంది. ఎక్కడి నుంచి తేవాలి? కవచంలో కోస్తే దెబ్బ తట్టుకోదు. బ్యాటరీలో కోస్తే మూడు నిమిషాలు నిలబడదు. ప్రతివాళ్లూ తమ భాగమే ప్రాణమంటారు, ప్రతివాళ్లు చెప్పేదీ నిజమే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు అన్న సామెత ఇక్కడ గ్రాముల్లో కనిపిస్తుంది. ఆఫీసులో బడ్జెట్ తగాదాలు ఇవే. కాకపోతే అక్కడ అంకెల్ని అటూ ఇటూ జరపొచ్చు, వచ్చే త్రైమాసికం మీదికి నెట్టొచ్చు, పైవాళ్లతో చెప్పించుకోవచ్చు. తూకపు మిషన్ దగ్గర సిఫార్సులు నడవవు. 1361 చూపిస్తే బండి బరిలోకి రాదు. మేనేజరుగారు స్వయంగా వచ్చి నిలబడినా ఆ ఒక్క గ్రామూ తగ్గదు. ఎవరో ఒకరు ఇంత పొడవు స్క్రూ తీసేసి పొట్టిది వేసుకోవాల్సిందే.

బరువు తేలాక ఇంకో చిక్కుంది. ఇది లెక్కలంటే భయపడేవాళ్లకి కూడా అర్థమయ్యేదే. తిరిగే బిళ్లకి రెండు పళ్లున్నాయనుకోండి, నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకి సుమారు 333 సార్లు ఏదో ఒక పన్ను ఎదురొస్తుంది. ఎదుటి బండి సెకనుకి రెండు మీటర్ల వేగంతో మీదికొస్తుంటే, ఒక పన్ను దాటి రెండోది వచ్చేలోపు అది ముందుకి జరిగేది ఆరు మిల్లీమీటర్లే. అంటే పన్ను దిగబడటానికి దొరికే లోతు అంతే. బిళ్ల గీరి వదిలేస్తుంది, నిప్పురవ్వలు బాగా లేస్తాయి, ఎదుటి బండికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రెండో పన్ను తీసేసి ఒక్కటే ఉంచితే 12 మిల్లీమీటర్లు. వేగాన్ని సగానికి తగ్గిస్తే 24. కానీ వేగం సగమైతే బిళ్లలోని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. మరేం చేయాలి? ఆయుధం తిప్పేవాళ్లు వేగం తగ్గించనక్కర లేకుండా, బండి నడిపేవాళ్లు ఇంకా వేగంగా మీదికి దూకాలి. ఒకళ్ల పని బాగా కుదరాలంటే రెండోవాళ్లు తమ పద్ధతి మార్చుకోవాలన్నమాట. 'మేం మా పని చేశాం, వాళ్లదే ఆలస్యం' అని ఆఫీసుల్లో వినిపించే మాటకి ఇంతకంటే మంచి జవాబు పవర్‌పాయింట్‌లో చూపించడం కష్టం. ఇద్దరూ తమ పని నూటికి నూరుపాళ్లు చేసినా దెబ్బ తగలకపోవచ్చని ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

ఇంత ఆలోచించి గీతలు గీసుకుని కట్టేవాళ్లే గెలుస్తారా అంటే, అదీ లేదు. టామ్ వుజెక్ అనే డిజైనర్ 2010లో ఒక ప్రసంగంలో చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఇరవై స్పగెటీ పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో మిఠాయి ఇచ్చి, 18 నిమిషాల్లో ఎంత ఎత్తు గోపురం కడతారో, దాని కొసన మిఠాయిని ఎలా నిలబెడతారో చూస్తారు. ఈ ఆటని మొదట రూపొందించింది పీటర్ స్కిల్‌మన్. బిజినెస్ స్కూల్లో అప్పుడే పట్టా పుచ్చుకున్నవాళ్లు అట్టడుగున నిలిచారు. బాలవిహార్ వయసు పిల్లలు వాళ్లకంటే ఎత్తుగా కట్టారు. కారణం చిన్నదే. పెద్దలు నాయకుడెవరో తేల్చుకుని, ప్రణాళిక వేసుకుని, గోపురం పూర్తిచేసి, ఆఖరి నిమిషంలో మిఠాయిని పైన పెడతారు. అప్పుడు కూలుతుంది. పిల్లలు మొదటి నుంచీ మిఠాయిని పైన పెట్టే కట్టి చూస్తారు, పడితే మళ్లీ కడతారు. రోబో జట్లలోనూ సరిగ్గా ఇదే. నాలుగు గంటల వ్యవధి ఇస్తే, మూడున్నర గంటలు కట్టి చివరి అరగంటలో మొదటిసారి చక్రం తిప్పేవాళ్లు బరి మధ్యలో ఆగిపోతారు. గంటలోపే అట్టముక్క మీద చక్రాలు బిగించి నేల మీద నడిపి చూసినవాళ్లకి, ఎడమ చక్రం జారుతోందని గంటలోపే తెలుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మన ప్రాజెక్టుల్లో ఎంత ఉందో చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఇరవై నిమిషాలు. ఓడిపోయిన బండి బల్ల మీదికి రాగానే జట్టులో మొదట పుట్టే ప్రశ్న 'ఎవరి తప్పు?' అన్నదే. ఆఫీసులో ఈ ప్రశ్నకి వారాల తరబడి జవాబు దాటవేయొచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనైతే 'నా సిస్టమ్‌లో బాగానే నడిచింది' అని ఒక మాట అనేస్తే సగం మీటింగు అయిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు టూల్ మీదికో, క్లయింటు మీదికో నెట్టేయొచ్చు. ఇక్కడ తీగ ఊడింది, అందరికీ కనిపిస్తోంది. ఆ తీగ ఎవరు బిగించారో కూడా అందరికీ తెలుసు. అయితే ఆ మనిషిని నిలదీయడానికి టైము లేదు. ఇరవైలో మూడు నిమిషాలు అప్పుడే అయిపోయాయి, ఆ మనిషి చేతులే ఇప్పుడు మళ్లీ సోల్డర్ చేయాలి. తప్పు ఎక్కడుందో చెప్పాలి, చేసినవాణ్ని చిన్నబుచ్చకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయాల్సిన అవసరం ఇంత నిక్కచ్చిగా ఎదురయ్యే సందర్భాలు ఆఫీసు జీవితంలో తక్కువ. ఎమీ ఎడ్‌మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసినప్పుడు ఒక వింత బయటపడింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవాటిని భయపడకుండా బయటికి చెబుతున్నారని ఆమెకి తర్వాత అర్థమైంది. తప్పు చెప్పుకోగలగడం మంచి జట్టుకి ఒక గుర్తు అనుకుంటే, దాన్ని సాధన చేయించడానికి మరమ్మతు బల్ల చవకైన చోటు. ఊడిన తీగ వల్ల ఎవరి ఇంక్రిమెంటూ పోదు.

ఈ ఆటని సమర్థించేవాళ్లు చెప్పే వాదనల్లో ఒకటి మాత్రం నిలబడదు. ఆఫీసులో పేరుకుపోయిన కోపతాపాలు బరిలో రోబోల మీద తీర్చుకుంటే మనసు తేలికపడుతుందంటారు. వినడానికి బాగుంది. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఆరువందల మంది విద్యార్థులకి ముందు కోపం తెప్పించి, కొందరిని తమకి కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగుని గుద్దమన్నారు. గుద్దినవాళ్ల కోపం పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే అందరికంటే తక్కువ కోపంతో తేలారు. కాబట్టి ఎదుటి బండికి పక్క డిపార్ట్‌మెంటు హెడ్డు మొహం అతికించి కొట్టించే సరదా ఎవరికైనా తోస్తే, దాన్ని ఆదిలోనే ఆపేయడం మేలు. బరి చుట్టూ జనం వేసే కేకలు కోడిపందేల బరి దగ్గరి కేకల్లాంటివే. ఇక్కడ ప్రాణం పోయేది లేదన్నది పెద్ద తేడా, ఒప్పుకోవాల్సిందే. అంతమాత్రాన కేకలు మనుషుల్ని శాంతపరుస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు.

మరి ఒకే కంపెనీ మనుషుల్ని విడదీసి ఒకరి మీదికి ఒకర్ని తోలితే చీలికలు రావా? ఇది గట్టి అభ్యంతరం. 1954లో ముజఫర్ షెరీఫ్ ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది మగపిల్లల్ని రెండు గుంపులు చేసి క్యాంపు పెట్టాడు. తాడులాగుడు, బేస్‌బాల్ పోటీలు మొదలైన కొన్నాళ్లకే ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకున్నారు, ఒకరి గదుల మీద ఒకరు దాడులు చేసుకున్నారు. కలిపి భోజనాలు పెడితే కూడా కలవలేదు, తిండి విసురుకున్నారు. ఉమ్మడి అవసరం వచ్చినప్పుడే దారికొచ్చారు: క్యాంపుకి నీళ్లు ఆగిపోవడం, సరుకులు తేవాల్సిన ట్రక్కు మొరాయించడం. మొరాయించిన ట్రక్కుని రెండు గుంపులూ కలిసి లాగింది, అంతకుముందు ఒకరి మీద ఒకరు పంతంతో లాక్కున్న తాడుతోనే. ఈ ప్రయోగంలో నిర్వాహకుల చెయ్యి ఎక్కువే ఉందనీ, అంతకుముందు ఏడాది వేరేచోట చేసినప్పుడు పిల్లలు కొట్టుకోకుండా నిర్వాహకుల మీదే తిరగబడ్డారనీ తర్వాత విమర్శలొచ్చాయి. అవి న్యాయమైనవే. అయినా విందుతో కలవనివాళ్లు పనితో కలుస్తారన్న సంగతి ఆఫీసుల్లో రోజూ చూసేదే. చీలికల భయానికి విరుగుడు రోబో లోకంలోనే ఉంది. డీన్ కామెన్ 1989లో స్థాపించిన 'ఫస్ట్' అనే సంస్థ 1992 నుంచి అమెరికాలో హైస్కూలు పిల్లలకి రోబో పోటీలు పెడుతోంది. కంపెనీల ఇంజనీర్లు పిల్లల పక్కన కూర్చుని సాయం చేస్తారు. 1999 నుంచి అక్కడ జట్లని జతకట్టి ఆడిస్తున్నారు. ఒక ఆటలో ప్రత్యర్థి అయిన జట్టే ఇంకో ఆటలో జోడీ కావచ్చు. పక్కజట్టు బండి పాడైతే రేపు నష్టపోయేది మనమే కావచ్చని తెలిశాక స్క్రూలు ఇవ్వడం మంచితనం అనిపించుకోదు, తెలివితేటలు అనిపించుకుంటుంది. ఆ పోటీల తీరు తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ అంతకు చాలా ముందే తన క్లాసులో విద్యార్థులందరికీ ఒకే రకం విడిభాగాల పెట్టె ఇచ్చి యంత్రాలు కట్టించి పోటీ పెట్టేవాడు. ఇవాళ ఆఫీసుల్లో పంచే కిట్టుకి తాతముత్తాత ఆ పెట్టే.

ఇంజనీర్లు చక్రం తిప్పుతారు, అకౌంట్స్ వాళ్లు, హెచ్‌ఆర్ వాళ్లు చప్పట్లు కొడతారు అన్నది ఇంకో అభ్యంతరం. నిర్వాహకులు ఏ నియమమూ పెట్టకపోతే అక్షరాలా అదే జరుగుతుంది. కానీ ఆట స్వభావం అందుకు అనుకూలమేమీ కాదు. గ్రాముల ఖాతా రాసేది, ఏ భాగం ఎంత తిన్నదో చూసేది, 1360 దాటకుండా కాచేది అకౌంట్స్ మనిషికి వెన్నతో పెట్టిన విద్య. ఇరవై నిమిషాల్లో ఏ పని ముందు, ఏది వెనక అని టైము చెప్పేవాళ్లు లేని జట్టు సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉండగానే ఓడిపోతుంది. వుజెక్ చెప్పిన మిఠాయి ఆటలోనూ కంపెనీ అధిపతుల జట్లు మామూలుగా ఆడాయి గానీ, పక్కన వాళ్ల సహాయకురాలు కూడా చేరితే చాలా మెరుగుపడ్డాయి. పనిని నడిపించడం తెలిసినవాళ్లు అవసరమని దాని సారం. ఇంకో మాట. ఆఫీసు క్రికెట్‌లో మోకాళ్ల నొప్పులున్న యాభై అయిదేళ్ల మనిషి, నెలలు నిండుతున్న ఉద్యోగిని బౌండరీ బయటే ఉండిపోతారు. రోబో బల్ల చుట్టూ కుర్చీలుంటాయి. అలాగే రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. అడక్కుండానే అది బాసు చేతికి వెళ్తుంది. మొదటి పోరులో బాసు, రెండో పోరులో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి అని ముందే రాసి పెట్టకపోతే ఆ రిమోట్ మళ్లీ తిరిగిరాదు.

ప్రమాదం గురించి దాపరికం అక్కర్లేదు. వంద గ్రాముల ఉక్కు బిళ్ల, నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో, నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుంటే అందులో ఉండే శక్తి సుమారు 44 జౌళ్లు. కేజీ రాయి నాలుగున్నర మీటర్ల ఎత్తు నుంచి నెత్తిన పడితే ఎంతో అంత. 1995లో జేమీ హైన్‌మన్, తర్వాత 'మిత్‌బస్టర్స్' టీవీ కార్యక్రమంతో పేరు పొందినవాడు, ఫ్రైడ్‌రైస్ బండి మీద కనిపించే లాంటి కడాయిని బోర్లించి గిర్రున తిరిగేలా 'బ్లెండో' అనే బండి కట్టాడు. అది ఎదుటి బండి ముక్కల్ని గోడల మీదుగా బయటికి విసరడంతో నిర్వాహకులు భయపడి, దానికి విజేతల్లో చోటిచ్చేసి ఇక దింపొద్దన్నారు. ఇవాళ పోటీల్లో మందపాటి పాలీకార్బనేట్ గోడలు, బరిలో పెట్టాకే తగిలించే కరెంటు లింకు, సిగ్నల్ పోతే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి. లిథియం పాలిమర్ బ్యాటరీకి చిల్లు పడితే మంటలొస్తాయి కాబట్టి ఛార్జింగ్ దగ్గర మనిషి ఉండాల్సిందే. ఆఫీసు కాన్ఫరెన్స్ హాల్లో ఇదంతా పెట్టుకోవడం తలకు మించిన పని. అక్కర్లేదు కూడా. ప్లాస్టిక్‌తో మాత్రమే కట్టే పౌండు బరువు బండ్ల తరగతి ఉంది. అంతకన్నా మేలైనది రోబో సుమో. జపాన్‌లో ఫ్యూజీసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 1990 ప్రాంతంలో మొదలుపెట్టిన పోటీ అది. గుండ్రటి వేదిక మీంచి ఎదుటి బండిని బయటికి నెట్టేయాలి, అంతే. కత్తులు లేవు, నిప్పురవ్వలు లేవు. బరువు హద్దు ఉంది, పట్టు జారే చక్రాలున్నాయి, ఊడే తీగలున్నాయి. జట్టుకి కావాల్సిన తలనొప్పులన్నీ ఉన్నాయి. ఫొటోలు మాత్రం అంత బాగా రావు.

ఒక్కరోజు ఆటతో ఆఫీసు మారుతుందా అని అడిగితే, మారదనే చెప్పాలి. జీతాలు సరిగా లేనిచోట, రాత్రి పదకొండింటికి మెసేజీలు పెట్టే బాసు ఉన్నచోట రోబోలు ఏమీ చేయలేవు. అక్కడ ఆ డబ్బుని ఓవర్‌టైముకి ఇవ్వడమే ధర్మం. మిగతాచోట్ల కూడా దీన్నుంచి ఆశించగలిగింది కొంచెమే. పక్క సీటు మనిషికి ఏ పని చేతనవునో తెలియడం, ఒక తప్పుని ఇరవై నిమిషాల్లో తిట్టుకోకుండా సరిచేసిన అనుభవం ఒకటి ఉమ్మడిగా ఉండటం. ఆ కొంచెం కూడా దక్కనివ్వకుండా చేసేది గడియారం. కార్యక్రమం అరగంట ఆలస్యంగా మొదలవుతుంది, డైరెక్టరుగారి ఉపన్యాసం ఇంకో అరగంట తింటుంది, బస్సులు ఆరింటికి బయల్దేరాలి. అప్పుడు నిర్వాహకులు ముందుగా కోసేది పోరుకీ పోరుకీ మధ్య ఉండే విరామాన్నే. ఊడిన తీగతో బండి మళ్లీ బరిలోకి వెళ్తుంది, నిలబడిపోతుంది, జనం నవ్వుతారు. టైము చాలకపోతే ఫైనల్ తీసేయొచ్చు. సెమీఫైనల్ ఆడిన నాలుగు జట్లకీ బల్లల మీద ఇరవై నిమిషాలు వదిలి, ఎవరి బండి ముందు లేచి నడుస్తుందో చూడొచ్చు. కప్పు ఎవరికివ్వాలన్న పేచీ వస్తే తలా ఒక స్క్రూడ్రైవర్ సెట్టు చేతిలో పెట్టి బస్సెక్కించేయడమే.